పెరటిలో మామిడి మొక్క

ధ్యాన భాగము: యిర్మీయా 29:4-7



పైన చూపిన నాలుగు వచనములను మీ బైబిలులో తెరచి నెమ్మదిగా ఒకసారి చదివి, ఆ తరువాత ఈ మాటలు చదువవలెనని కోరుచున్నాము. ఇది సొంత ఊరు విడిచి పరాయి చోట బ్రతుకుచున్న వారికి వచ్చిన ఉత్తరము. కనుక మన విలాసమునకు వచ్చిన ఉత్తరమే అనుకొని చదువుదము.

మా నాన్నగారు 1961లో ఒంగోలు దగ్గర పల్లె నుండి రైల్వే ఉద్యోగమునకు బళ్లారి వచ్చారు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రము ఏర్పడిన నాడే ఈ ఊరు మైసూరు రాష్ట్రములో కలిసింది. వీధిలో సగము తెలుగు, సగము కన్నడము. కొన్నేళ్ళకు నాన్నగారు చిన్న ఇల్లు కట్టుకున్నారు. వెనుక నాలుగు మంచాలు పట్టేటంత పెరడు. ఆయన చేతికి మట్టి గుణము తెలుసు. తోటకూర చల్లితే నెల తిరగకముందే కోతకు వచ్చేది. మెంతికూర, కొత్తిమీర, గోంగూర, రెండు వంగ మొక్కలు, నాలుగు మిరప మొక్కలు ఎప్పుడూ ఉండేవి. కాని చెట్టు అన్నది ఒక్కటీ లేదు.

అమ్మ ప్రతి జూను నెలలోను అడిగేది, "ఒక మామిడి అంటు తెండి, పిల్లలు తింటారు" అని. నాన్నగారిది ఒకటే జవాబు: "ఇక్కడ ఎన్నాళ్ళుంటాం? మామిడి మన ఊళ్ళో వేసుకుందాం." రిటైరైన తరువాత కూడ అదే మాట. ఊళ్ళో పాత ఇల్లు పడిపోయింది. అన్నదమ్ములు తలా ఒక దిక్కుకు వెళ్ళారు. అయినా ఆ మాట మారలేదు. 1998లో ఆయన ప్రభువునందు నిద్రించారు. ఆయనను బళ్లారి మట్టిలోనే ఉంచాము. ముప్పది ఏడు సంవత్సరములు ఈ ఊరి నీళ్ళు త్రాగి, ఈ ఊరి మట్టిలో పండిన కూర తిని, ఈ మట్టిలోనే విశ్రమించిన మనిషి, ఈ మట్టిలో ఒక్క చెట్టు నాటలేదు.

ఆయనను తప్పు పట్టుటకు ఇది వ్రాయుట లేదు. ఆయన ప్రార్థనాపరుడు. మాకు తెలుగు బైబిలు చదువుట నేర్పినది ఆయనే. అయితే ఆ ఖాళీ పెరడు చూచినప్పుడల్లా యిర్మీయా ఉత్తరము మాకు జ్ఞాపకమునకు వచ్చేది. దానినుండి మూడు సంగతులు మీతో పంచుకొనగోరుచున్నాము.

1. నాటుట

యెరూషలేము నుండి బబులోనుకు చెరపట్టబడిన వారికి ప్రవక్త వ్రాసిన సంగతి మన మాటల్లో చెప్పుకుంటే ఇది: ఉన్నచోట ఇల్లు వేసుకోండి, తోట పెంచండి, కాసినది కోసుకొని తినండి, పిల్లలకు పెండ్లిండ్లు చేయండి, ఆ పట్టణము క్షేమముగా ఉండాలని ప్రార్థన చేయండి. ఎందుకనగా దాని క్షేమములోనే మీ క్షేమమున్నది.

ఇది వారికి రుచించిన మాట కాదు. దీనికి ముందు అధ్యాయములో హనన్యా అనువాడు రెండు సంవత్సరములలో అందరు తిరిగి వచ్చెదరని దేవాలయములోనే ప్రకటించెను. వినుటకు ఎంత తియ్యని మాట! రెండేళ్ళలో వెళ్ళిపోయేవాడు చెట్టు ఎందుకు నాటును? దేవుడు చెప్పినది మాత్రము డెబ్బది సంవత్సరములు. అనగా వినుచున్న పెద్దవారిలో అనేకులు తిరుగుప్రయాణము చూడరు. వారి మనుమలు చూతురు. ఆ మనుమలు ఏమి తిని పెరుగవలెను? తాత నాటిన చెట్టు పండ్లు తిని పెరుగవలెను.

ఇక్కడ ఒక సంగతి గమనించుడి. చెట్టు నాటుమని చెప్పిన దేవుడు యెరూషలేమును మరచిపొమ్మని చెప్పలేదు. అదే ఉత్తరములో, డెబ్బది ఏండ్లు నిండగానే మిమ్మును తిరిగి రప్పింతునని వాగ్దానము చేసెను. నిరీక్షణ ఒక చేత, పలుగు ఒక చేత. రెండును విశ్వాసమే. పరలోకము మన స్వదేశమని చెప్పుకొనే మనము ఈ లోకములో గుడి కట్టుట మానలేదు గదా!

మన సంఘములలో ఆకుకూర పనులు, చెట్టు పనులు రెండును ఉన్నవి. మూడు రాత్రుల కూటములు ఆకుకూర వంటివి. చల్లిన నెలలో పచ్చగా కనబడును, కోసుకొని తిందుము, మంచిదే. పిల్లలకు తెలుగు అక్షరములు దిద్దించుట, ఆదివారపు బడి నడుపుట, యౌవనస్థులను పెద్దల ప్రక్కన కూర్చుండబెట్టి సంఘపు లెక్కలు నేర్పుట మామిడి వంటివి. ఈ ఏడు నాటినవాడు ఈ ఏడే తినడు. అందుచేత "ఇక్కడ ఎన్నాళ్ళుంటాం" అన్న మాట ముందుగా చంపేది ఈ పనులనే. బడిలో కన్నడమో, తమిళమో, ఒడియానో, మరాఠీనో చదివే పిల్లవాడు మన గుడిలో పాటల పుస్తకము తలక్రిందులుగా పట్టుకొని నిలబడితే తప్పు వానిది కాదు. నాటవలసిన ఏడు మనము నాటలేదు.

నాన్నగారు పోయిన మరుసటి సంవత్సరము, 1999 జూనులో, తొలి వాన పడగానే మేము ఒక బంగినపల్లి అంటు తెచ్చాము. మూడడుగుల లోతు, మూడడుగుల వెడల్పు గుంట తీసి కొన్నాళ్ళు ఎండనిచ్చి, పైమట్టిలో బాగా చివికిన పశువుల ఎరువు కలిపి నింపాము. పచ్చి పేడ వేస్తే చెదలు పట్టును గనుక అది వేయలేదు. అంటు కట్టిన చోటు మట్టికి పైన ఉండేటట్లు నాటి, గాలికి ఊగకుండ కర్ర పాతాము. అమ్మ వచ్చి మొదటి చెంబు నీళ్ళు పోసింది. ఏమీ మాట్లాడలేదు. కొంగుతో కళ్ళు తుడుచుకొని లోపలికి వెళ్ళింది.

2. కనిపెట్టుట

నాటుట ఒక పూట పని. కనిపెట్టుట ఏండ్ల పని. లూకా 13:6-9లో మన ప్రభువు ఒక అంజూరపు చెట్టు సంగతి చెప్పెను. మూడేండ్లు పండ్లు వెదకి విసిగిన యజమానుడు నరికివేయుమనెను. తోటమాలి మాత్రము ఇంకొక్క సంవత్సరము గడువు అడిగెను. గడువు అడిగి ఊరక కూర్చుందునని చెప్పలేదు. చుట్టు త్రవ్వి ఎరువు వేసెదనని చెప్పెను. గడువు అడిగేవాడు పార కూడ పట్టవలెను.

మొదట్లో మాకు ఈ ఓర్పు లేదు. ఒక సంవత్సరము బీరపాదు పెట్టాము. పందిరి నిండా పసుపుపచ్చని పూలు, ఒక్క పిందె లేదు. పదిహేను రోజులు చూచి, "ఇది గొడ్డు పాదు" అని పీకిపారేశాము. తరువాత పని తెలిసిన ఒక పెద్దాయన నవ్వి చెప్పారు: "బీరకు, సొరకు, గుమ్మడికి ముందు వచ్చేవి మగపూలే. ఆ తరువాతనే అడుగున చిన్న పిందెతో ఆడపూలు వస్తాయి. ఇంకొక వారం ఆగితే సరిపోయేది." తేనెటీగలు తక్కువైన చోట మగపువ్వు కోసి ఆడపువ్వుకు చేత్తో తాకించాలని కూడ ఆయనే నేర్పారు. మన పిల్లలలో ఎందరిని మనము ఆ వారము ఆగలేక పీకివేసితిమో ప్రభువుకే తెలియును. కూటమునకు వచ్చి వెనుక బల్ల మీద గుసగుసలాడిన పిల్లవానిని నలుగురిలో మందలించి పంపివేసితిమి. వాడు మరల రాలేదు. అది ఫలించని పాదు కాదు, ఇంకను పూత దశలోనున్న పాదు.

మామిడి ఇంకొక పాఠము నేర్పింది. అంటు మొక్క మరుసటి ఏడాదే పూత పూసింది. ఇంటిల్లిపాది సంతోషపడ్డాము. అయితే మొక్కలు అమ్మినాయన ముందే చెప్పాడు: "మొదటి మూడేళ్ళు పూత తుంచేయండి. చిన్న మొక్క కాయలు మోస్తే కొమ్మ పెరగదు." 2000లో, 2001లో, 2002లో వచ్చిన పూతను మా చేతులతో తుంచాము. లేవీయకాండము 19:23-25లో, కనానులో నాటిన పండ్ల చెట్టు ఫలము మూడేండ్లు ముట్టకూడదనియు, నాలుగవ ఏటిది యెహోవాకు ప్రతిష్ఠితమనియు, అయిదవ ఏటినుండి తినవచ్చుననియు ఉన్న ధర్మము అప్పుడు మాకు క్రొత్తగా కనబడింది. దేవుని ఆజ్ఞకు విధేయత మొదటి కారణము, అది ఎప్పుడును మొదటిదే. కాని చెట్టు మేలు కూడ అందులో ఇమిడియున్నదని మా గోళ్ళకు అంటిన పూత మాకు చెప్పింది. నిన్న మారుమనస్సు పొందిన వానిని నేడు వేదిక ఎక్కించి, ఎల్లుండి కార్యదర్శిని చేసి, ఆవలి ఏడు వాడు ఎండిపోయాడని ఏడ్చుట మనకు అలవాటు. లేత కొమ్మ మీద బరువు పెట్టకుడి.

ఇంకొకటి. అంటు కట్టిన ముడికి క్రిందినుండి అప్పుడప్పుడు బలమైన చిగుళ్ళు వచ్చేవి. పైవాటికంటె అవే ఏపుగా పెరిగేవి. తెలియనివారికి అవే ముద్దొచ్చును. అవి నాటు వేరునుండి వచ్చినవి. ఉంచితే మంచి కొమ్మకు పోవలసిన సారమంతయు అవి త్రాగివేయును. వాటిని మొదలంట గిల్లివేయవలెను. క్రీస్తునందు అంటుకట్టబడిన మనలో పాత స్వభావపు చిగుళ్ళు ఇట్లే వచ్చును. కులము పేరున బల్లలు వేరుచేయుట, జిల్లా పేరున గుంపులు కట్టుట, పాత పగలు తవ్వుకొనుట, ఇవన్నియు ముడికి క్రింది చిగుళ్ళే. సంఘ ఎన్నికల కాలములో అవి ఎంత పచ్చగా కనబడునో మనకు తెలియును.

కనిపెట్టుటకు మన బాప్టిస్టు చరిత్రలోనే సాక్షులున్నారు. 1793లో బెంగాలు వచ్చిన విలియం కేరీగారు 1814లో తెలుగు వ్యాకరణము అచ్చు వేయించెను. 1818లో సీరాంపూరునుండి తెలుగు క్రొత్త నిబంధన వెలువడెను. అదే మనుష్యుడు సీరాంపూరులో పెద్ద తోట పెంచి, 1820లో కలకత్తాలో వ్యవసాయ ఉద్యాన సంఘమును స్థాపించెను. మన సామర్లకోటలో మొక్కలను పరిశోధించిన రాక్స్‌బర్గుగారి గ్రంథమును అచ్చుకు సిద్ధము చేసినదియు ఆయనే. 1823 వరదలో ఆ తోట పాడైపోతే ఆయన మరల నాటెను. వాక్యము నాటిన చేతులే మొక్కలు నాటినవి. రెంటికిని కావలసినది ఒకే ఓర్పు.

3. పంచుకొనుట

ఇప్పుడు మా తప్పు ఒకటి చెప్పవలసియున్నది. చెప్పకుండ ఈ ప్రసంగము ముగించుటకు మనస్సాక్షి ఒప్పుట లేదు.

మా ఊరిలో వేసవిలో కుళాయి నీరు ప్రతిదినము రాదు. కొన్ని రోజులకొకసారి వచ్చును. 2001 మే నెలలో మామిడి మొక్క ఆకులు వాడిపోవుట చూచి, బీరపాదు ఎండిపోవుట చూచి, అందరివలెనే మేమును కుళాయి గొట్టానికి చిన్న మోటారు బిగించాము. నీరు ఉరికి వచ్చింది. పాదులన్నియు తడిసినవి. తొట్టి నిండింది. దేవునికి స్తోత్రము అని కూడ అన్నాము!

అట్లు రెండు మూడు విడతలు జరిగింది. ఒక ఉదయము వీధి చివర ఇంటి కన్నడ అక్క ఖాళీ బిందెతో మా గుమ్మములో నిలబడింది. "ఒందు బిందిగె నీరు కొడ్తీరా?" అని అడిగింది. త్రాగుటకు నీళ్ళు లేవట. తమ కుళాయికి ఈ నెల చుక్క రాలేదట. ఎందుకు రాలేదో ఆమెకు తెలుసో తెలియదో, మమ్మును ఒక్క మాట అనలేదు. అప్పుడు పెరటిలో గొట్టము వదలియున్నది. నీళ్ళు బీరపాదు మొదట్లో పారుచున్నవి. ఆ చప్పుడు మేము విన్నాము, ఆమెయు విన్నది.

ఆ రాత్రి మాకు 1 రాజులు 21వ అధ్యాయము గుర్తుకు వచ్చింది. అహాబు నాబోతు ద్రాక్షతోటను ఎందుకు కోరెను? కోట కట్టుటకా? కాదు, కూరతోట వేసికొనుటకు! కూరగాయలకొరకు ఒక నిర్దోషి రాళ్ళతో కొట్టబడి చచ్చెను. కూరతోట చెడ్డదా? కాదు. ప్రక్కవాని హద్దు దాటిన కోరిక చెడ్డది. మేము ఎవరి పొలము తీసికొనలేదు. కాని ఎవరి నీళ్ళో తీసికొంటిమి. తోటలు వేసికొనుమని చెప్పిన యిర్మీయా నోరే పట్టణ క్షేమము వెదకుమని చెప్పినది. మొదటి మాటను ఒడిసి పట్టుకొని రెండవదానిని మరచితిమి.

మరునాడు మోటారు విప్పివేశాము. ఆ అక్క ఇంటికి వెళ్ళి జరిగినది చెప్పి క్షమించుమని అడిగాము. ఆమె కాసేపు ఊరకుండి, "హోగ్లి బిడి" అన్నది, పోనివ్వండి అని. తరువాత లోపలికి వెళ్ళి గుప్పెడు బీరగింజలు గుడ్డలో కట్టి తెచ్చి ఇచ్చింది. ఆ గింజలతో వేసిన పాదు తీగ ఇప్పటికిని ఏటేట మా పందిరిపైన ఉన్నది.

అప్పటినుండి మా పెరటికి బియ్యము కడిగిన నీరు, కూరలు కడిగిన నీరు, స్నానపు నీరే ఆధారము. స్నానపు నీరు అరటి మొదటికి, బియ్యపు కడుగు కూర మడులకు. మొక్కల మొదళ్ళలో ఎండుటాకులు పరచి సాయంకాలము నీరు పోసితే సగము నీటితో సరిపోవునని అప్పుడే నేర్చుకొంటిమి. కొరత మాకు నేర్పినది ఆ మోటారు నేర్పలేదు.

ప్రియులారా, మన పితరుల సంగతి మరచిపోకుడి. 1876-78 కరువు రోజులలో క్లౌగు దొరగారు బకింగ్‌హాము కాలువ త్రవ్వకము పని ఒప్పుకొని ఆకలితోనున్నవారికి కూలి చూపెను. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కదినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. వారిలో అనేకులకు సెంటు భూమి లేదు. ఎవరి చేనిలోనో పని చేసి, ఎవరి చెట్టు క్రిందనో ఆకలితో నిలబడినవారు. వారి మునిమనుమలమైన మనకు నేడు ఎక్కడో ఒక పెరడు, అది లేనిచోట మేడ మీద నాలుగు కుండీలు ఉన్నవి. ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయములో ఒలీవ చెట్టు దులిపినప్పుడు, ద్రాక్షపండ్లు కోసినప్పుడు మిగిలినది పరదేశికి, తండ్రిలేనివానికి, విధవరాలికి విడువుమని దేవుడు సెలవిచ్చెను. కారణము కూడ చెప్పెను: నీవును ఐగుప్తులో దాసుడవై యుంటివి. పరదేశి ఆకలి పరదేశికి తెలియకపోతే ఎవరికి తెలియును?

ముగింపు

2003 వేసవిలో మామిడికి కాయలు నిలువనిచ్చాము. పదకొండు కాయలు నిలిచినవి. నాలుగవ ఏటి ఫలము గనుక బుట్టలో పెట్టి ఆదివారము గుడికి తీసికొని వెళ్ళాము. ఆరాధన తరువాత పెద్దలు వాటిని వేలము వేశారు. ఒక పండు అమ్మ తన పింఛను డబ్బుతో పాడింది. ఇంటికి తెచ్చి ముక్కలు కోసి మనుమలకు పెట్టి, టెంకను నోట పెట్టుకొని, "మీ తాత తినవలసింది" అన్నది. ఆమెయు ఇప్పుడు ప్రభువు సన్నిధిలో ఉన్నది. చెట్టు మాత్రము పాతికేండ్లు దాటి నీడ ఇచ్చుచున్నది. గోడ అవతలికి వంగిన కొమ్మ కాయలు మేము కోయము. అవి వీధి పిల్లలవి.

ఈ పత్రిక చదువుచున్న ప్రతి కుటుంబమును మేము ఒకటి కోరుచున్నాము. ఈ తొలకరికి ఆకుకూరతోపాటు ఒక చెట్టు నాటుడి. చోటు తక్కువైతే కరివేపాకు, లేదా బొప్పాయి. బొప్పాయి ఏడాదిలోపే కాయును. మునగ కొమ్మ పాతినను చాలును. పిల్లల చేత నాటించుడి, నీళ్ళు వారి చేతనే పోయించుడి. అట్లే మీ సంఘములో కూడ ఒక చెట్టు పని మొదలుపెట్టుడి. అయిదుగురు పిల్లలు, ఒక పలక, ఒక పెద్దమనిషి ఉంటే తెలుగు బడి మొదలైనట్లే. మీ వీధిలో చివరి కుళాయి ఎవరిదో తెలిసికొనుడి.

పునరుత్థాన దినమున మగ్దలేనే మరియ కన్నీళ్ళతో తిరిగి చూచి, ప్రభువును తోటమాలి అనుకొనెను. ఆమె పొరపడినది. కాని మన ఆత్మలను నాటి, త్రవ్వి, ఎరువు వేసి, ఇంకొక్క సంవత్సరము చూతమని తండ్రి యెదుట మన పక్షమున అడుగుచున్నవాడు ఆయనే గనుక, ఆమె మాట పూర్తిగా తప్పు కాదు.

ప్రార్థన: మా తోటమాలివైన ప్రభువా, నీవు మమ్మును ఉంచిన ఊరిలో వేరు పారుటకు మాకు మనస్సు దయచేయుము. మేము తినని పండ్లకొరకు కూడ నాటుటకు విశ్వాసమును, పూత దశలో పీకివేయకుండ ఓర్పును, పొరుగువాని బిందె నిండినదా అని చూచే కన్నులను మాకు ఇమ్ము. మా పట్టణములను, వాటిలోని అన్ని భాషలవారిని దీవించుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ. ఆమేన్.